పగటి నిద్రకు కర్టెన్లు: దుబాయ్ సత్వాలో కుట్టించుకున్నాం

మావారు బోయింగ్ 777 నడుపుతారు. మేం దుబాయ్ వచ్చి ఆరేళ్ళయింది. ఏ రోజు ఏ డ్యూటీయో చెప్పే రోస్టర్ నెలకోసారి వస్తుంది. దాన్ని ఫ్రిజ్‌కి అంటించి, ఆయన పగలు పడుకోవాల్సిన రోజుల కింద ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో గీత గీస్తాను. ఒక్కో నెల పన్నెండు గీతలు కూడా పడతాయి. ఈ కర్టెన్లు కుట్టించింది ఆ పగళ్ళ కోసమే.

అన్నిటికంటే కష్టం హైదరాబాద్ టర్నరౌండ్. రాత్రి ఇక్కడ బయలుదేరితే మూడున్నర గంటల్లో శంషాబాద్‌లో దిగుతారు. గంటన్నరలో ఇక్కడికి వచ్చే ప్రయాణికుల్ని ఎక్కించుకుని మళ్ళీ వెనక్కి. కూకట్‌పల్లిలో ఉన్న అత్తయ్యను చూసి రావడం అటుంచి, ఫోన్ చేద్దామన్నా ఆవిడ నిద్రపోయే వేళ. ఇంటికి చేరేసరికి ఉదయం ఎనిమిది. జూన్‌లో ఇక్కడ అయిదున్నరకే తెల్లారిపోతుంది. మా పడకగది కిటికీ తూర్పు వైపు. ఎనిమిదింటికి ఆ గదిలో కళ్ళు తెరవలేం.

పైలట్ ఏడాదికి 900 గంటలకు మించి నడపకూడదని ఇక్కడ నియమం. రెండు డ్యూటీల మధ్య ఇంత విశ్రాంతి ఉండాలనీ ఉంది. విశ్రాంతి గంటలు రోస్టర్‌లో ఇస్తారు, ఆ గంటల్లో నిద్ర పట్టేలా చూసుకోవడం ఇంట్లోవాళ్ళ పని. కంటికి వెలుతురు తగిలితే నిద్రకు కావాల్సిన మెలటోనిన్ శరీరంలో తగ్గిపోతుంది. ఎంత అలసిపోయినా పడుకున్న మూడు గంటల్లోనే ఆయన లేచి కూర్చునేవారు.

ముందు ఆన్‌లైన్‌లో రెడీమేడ్ బ్లాకౌట్ కర్టెన్లు తెప్పించాం, 260 దిర్హాములు. గుడ్డ మంచిదే. కానీ రాడ్‌కీ గోడకీ మధ్య నాలుగు వేళ్ళ సందు. అందులోంచి వెలుగు సీలింగ్ మీద పడి గదంతా పరుచుకునేది. తర్వాత అద్దాలకు అల్యూమినియం ఫాయిల్ అంటించాం. నైట్ డ్యూటీలు చేసేవాళ్ళ ఇళ్ళల్లో ఇది మామూలే. వేసవి ఎండకి టేపు జిగురంతా కరిగి అద్దానికి పట్టేసింది. బయటికి బాగోలేదని బిల్డింగ్ వాచ్‌మన్ తీసేయమన్నాడు.

ఇక చేసేది లేక ఇల్లంతా చీకటి చేసేదాన్ని. హాల్లో లైట్లు ఆపేసి, టీవీ శబ్దం తీసేసి, కుక్కర్ పెట్టకుండా అన్నం గిన్నెలో వార్చేదాన్ని. మా బాబుకి అయిదేళ్ళు. స్కూలు నుంచి రాగానే గుమ్మంలోనే "నాన్న పడుకున్నారా?" అని గుసగుసగా అడిగేవాడు. ఒక సెలవు రోజు నాన్న ఎదురుగా సోఫాలో కూర్చుని ఉన్నా వాడు గుసగుసగానే మాట్లాడుతుంటే నాకు కడుపు తరుక్కుపోయింది. మర్నాడే సత్వా వెళ్ళాను.

సత్వాలో దర్జీలు, సోఫా కవర్లు వేసేవాళ్ళు, కర్టెన్లు కుట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను వెళ్ళింది బస్ స్టేషన్ నుంచి నడిచి వెళ్ళగలిగే సందులో, రెండు మిషన్లు మాత్రం పట్టే షాపు. పెషావర్ నుంచి వచ్చిన పెద్దాయన నడుపుతున్నారు. హిందీ వస్తే చాలు. గుడ్డలు చూపించకముందే, "పగలు పడుకునేది ఎవరు బేటీ?" అని అడిగారు. నర్సులు, టాక్సీ డ్రైవర్లు ఇలాగే వస్తుంటారట. గుడ్డ ఎవరైనా మంచిది ఇస్తారు, ముందు సందులు చూడాలి అన్నారు.

కొలతలకు మధ్యాహ్నం పన్నెండింటికి వచ్చారు. పాత కర్టెన్ మూసి, తలుపు వేసి, వెలుగు ఎక్కడెక్కడ పడుతోందో గోడ మీద సుద్దముక్కతో గీశారు. ఆయన పనితనం నాకు అక్కడే అర్థమైంది. కిటికీకి రెండు వైపులా జానెడు అదనంగా గుడ్డ పెట్టి, చివర్లు వెనక్కి తిరిగి గోడకు ఆనేలా చేశారు. పైన రాడ్‌ను కప్పేలా చెక్క పెట్టె లాంటి పెల్మెట్ కట్టి దాని మీద కూడా గుడ్డ వేశారు. మధ్యలో రెండు పరదాలు బెత్తెడు మేర ఒకదాని మీద ఒకటి వస్తాయి. తలుపు కింద సందుకి రబ్బరు పట్టీ ఉచితంగా వేశారు. బిగింపుతో సహా, 5 శాతం వ్యాట్ కలిపి 1,180 దిర్హాములు. రెడీమేడ్‌కి నాలుగింతలకు పైనే. మిట్ట మధ్యాహ్నం లోపల నిలబడి చెయ్యి చాపితే నా వేళ్ళు నాకు కనపడలేదు.

అసలు పరీక్ష ఆక్లాండ్ నుంచి వచ్చిన రోజు. ఇంచుమించు పదహారు పదిహేడు గంటల ప్రయాణం, నలుగురు పైలట్లు వంతులవారీగా పడుకుంటూ నడుపుతారు. దుబాయ్ టైముకి కనీసం 8 గంటలు తేడా. ఆ రోజు ఆయన ఏడున్నర గంటలు ఏకధాటిగా నిద్రపోయారు. నాకే టెన్షన్ వచ్చి మధ్యలో ఒకసారి తలుపు తీసి చూశాను.

లోపాలూ చెప్పాలి. గురువారం ఇస్తామని శనివారం ఇచ్చారు. మధ్యలో రెండు ఆకుపచ్చ గీతలు వృథాగా పోయాయి. ఒక పరదా అంగుళం పొట్టిగా వచ్చింది, అడగ్గానే మర్నాడు సరిచేసి తెచ్చారు. లోపలి రబ్బరు పూత వాసన ఆరు రోజులు పోలేదు. కాబట్టి తగిలించే ముందు బాల్కనీలో ఆరేయండి. మిషన్‌లో ఉతకకూడదు, తడిగుడ్డతో తుడవడమే. చప్పుడు మాత్రం ఇవి ఆపవు. నిద్ర గాఢంగా పడుతోంది కాబట్టి చిన్న చప్పుళ్ళకు ఆయన లేవడం లేదు గానీ, కుక్కర్ ఇప్పటికీ పెట్టను. స్టాండ్‌బై రోజున, అంటే ఎప్పుడు పిలిస్తే అప్పుడు డ్యూటీకి వెళ్ళాల్సిన రోజున, ఫోన్ సౌండ్ పెంచి తలగడ పక్కనే పెట్టుకోవాలి. ఆ చీకట్లో టైము అస్సలు తెలీదు.

ఇప్పుడు చీకటి ఆ ఒక్క గదికే. మొన్న హాల్లో కిటికీలన్నీ తీసి ఉన్నాయి, మావాడు బొమ్మ కార్లు నేల మీద తోస్తూ నోటితో హారన్ కొడుతున్నాడు. నేను వద్దనలేదు.

వెళ్ళాలనుకుంటే ఉదయం పదింటికి వెళ్ళండి, సాయంత్రం పార్కింగ్ దొరకదు. శుక్రవారం నమాజు అయ్యాకే తెరుస్తారు. పెల్మెట్‌కి గోడలో డ్రిల్లు చేయాలి కాబట్టి ఇంటి ఓనర్‌ని ముందే అడగండి. కొలతలకు మాత్రం మధ్యాహ్నమే రమ్మనండి, సాయంత్రమైతే సందులు కనపడవు.