ఆరేళ్లకు పైగా ఒక అమ్మాయి స్కూలు ఫీజు కడుతున్నాను, ఆ రశీదు గురించి నాలుగు మాటలు

ఏడాదికోసారి పిల్ల ఫోటో, గ్రీటింగ్ కార్డు వస్తాయి, అవన్నీ అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నా. 2019లో ఒక ట్రస్టు ద్వారా మొదలుపెట్టాను. అమ్మాయి అప్పుడు నాలుగో తరగతి, ఇప్పుడు పది. వాళ్లమ్మ గుంటూరులో మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్తుంది.

నాకు బాగా నచ్చింది ఒక్కటే, డబ్బు నేరుగా స్కూలుకే పోవడం. టర్మ్ ఫీజు కట్టిన వారంలోపు స్కూలు ముద్రతో రశీదు వాట్సాప్‌లో వచ్చేస్తుంది. అది చూపించి మా ఆఫీసులో నలుగురిని చేర్పించాను, కళ్లు మూసుకుని కట్టొచ్చని చెప్పి మరీ.

2025 సంక్రాంతికి గుంటూరు వెళ్లినప్పుడు వాళ్లింటికి వెళ్లాను. ప్రోగ్రెస్ కార్డు తెమ్మంటే అమ్మాయి కదల్లేదు. తమ్ముడు తెచ్చిచ్చాడు. అర్ధ సంవత్సర పరీక్షల్లో రెండు సబ్జెక్టులకు ఆబ్సెంట్ అని ఉంది. జ్వరమా అని అడిగితే, "కాదు అంకుల్, అక్కని వరండాలో నిలబెట్టారు" అనేశాడు ఆ పిల్లాడు. తల్లి వాణ్ణి కసిరింది. విషయం ఏంటంటే బస్సుకి, పుస్తకాలకి కలిపి 6,500 బాకీ. అంతకుముందైతే పిల్లల చదువుకని ప్రభుత్వం తల్లులకిచ్చే అమ్మఒడి డబ్బుల్లోంచి సర్దుకునేవాళ్లు, 2024లో అవి పడలేదు, దాని బదులు వచ్చిన తల్లికి వందనం అప్పటికి ఇంకా మొదలవలేదు. ఆవిడ కమ్మలు తాకట్టు పెట్టి కడితే మూడో పరీక్షకి లోపలికి రానిచ్చారట. "ఇప్పటికే కడుతున్నారు కదా సార్, ఇంకా ఏమని అడుగుతామండీ" అంది. ఆ టర్మ్ రశీదు అప్పటికి నెల రోజుల నుంచి నా ఫోన్‌లోనే ఉంది.

ట్రస్టుకి ఫోన్ చేసి గట్టిగానే అడిగాను. మేం కట్టేది ట్యూషన్ ఫీజు మాత్రమే, ఫారం రెండో పేజీలో రాసే ఉంది సార్ అన్నారు. చూస్తే నిజంగానే ఉంది, కింద నా సంతకం కూడా ఉంది. వాళ్ల తప్పు అనలేను. కానీ రశీదులో నేను కట్టింది కనిపిస్తుంది, పిల్లకి ఇంకా ఎంత బాకీ ఉందో కనిపించదు. ఆరో తరగతి నుంచి ఇలాగే ఉందేమో, నేను అడిగిందెప్పుడు?

పన్ను సంగతి కూడా చెప్పాలి. మొదట్లో ఆదాయపు పన్నులో విరాళాలకి వర్తించే 80జీ కింద, ఇచ్చినదాంట్లో సగానికి మినహాయింపు వచ్చేది, కొత్త పన్ను విధానంలోకి మారాక అది లేదు. దానికోసమే చేరేవాళ్లు ముందే చూసుకోండి.

మానేయలేదు, కడుతూనే ఉన్నాను. మాది విజయవాడ, గంటలో వెళ్లి చూసి రాగలను, వాళ్లమ్మ ఫోన్ ఎత్తుతుంది కాబట్టి నాకు కుదురుతోంది. అమెరికాలో ఉండి కట్టేవాళ్లకి ఇదే చెప్పగలనా అంటే తెలీదు. పైగా ట్రస్టు పదితో ఆపేస్తుంది. ఇంటర్ సంగతి ఇంకా తేల్చుకోలేదు, మా అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజు కూడా ఉంది మరి.

ఆఫీసులో ఆ నలుగురికీ బస్సు ఫీజు సంగతి అడగమని చెప్పాను. ఇద్దరు అడిగారు. నేనైతే టర్మ్‌కి రెండుసార్లు వాళ్లమ్మకే ఫోన్ చేస్తున్నా. 2025 జూన్‌లో తల్లికి వందనం 13,000 పడ్డాక బస్సుకి తనే కట్టేసింది. పోయిన నెల ఆవిడే ఫోన్ చేసి, "మెటీరియల్‌కి 900 అంటున్నారు సార్" అంది. ఇన్నేళ్లలో ఆవిడ నోరు తెరిచి అడగడం ఇదే మొదటిసారి.