ఫుల్ రోలింగా, పొజిషనల్ స్పారింగా?

నేల మీద పట్లు పట్టి ప్రత్యర్థిని లొంగదీసే బ్రెజిలియన్ జియు-జిట్సులో ఎక్కువ సరదా ఫుల్ రోలింగ్‌దే, అంటే ఏ పొజిషన్‌కీ పరిమితం కాకుండా స్వేచ్ఛగా చేసే ప్రాక్టీస్ పోరుదే. కానీ 5 నిమిషాల రౌండులో మీరు నేర్చుకోవాలనుకున్న సైడ్ కంట్రోల్ ఎస్కేప్‌కి (ప్రత్యర్థి పక్క నుంచి ఛాతీ మీద అదిమి పట్టినప్పుడు తప్పించుకోవడానికి) ఒక్క అవకాశమూ రాకపోవచ్చు.

పొజిషనల్ స్పారింగ్‌లో నేరుగా ఆ సైడ్ కంట్రోల్ కిందే పడుకుని మొదలుపెడతారు. తప్పించుకున్నా, ట్యాప్ చేసినా (చేత్తో తట్టి ఓటమి ఒప్పుకున్నా) మళ్లీ మొదటికే. అదే 5 నిమిషాల్లో ఎన్నోసార్లు ప్రయత్నించవచ్చు. వరసగా ఓడిపోతుంటే చిరాకేస్తుంది, నిజమే. అయినా తుంటి ఎటు జరపాలో, మోకాలు ఎప్పుడు లోపలికి దూర్చాలో ఒంటికి పట్టేది ఇక్కడే.

గంట ఉంటే నేనైతే 20 నిమిషాలు దీనికిచ్చి, చివర్లో రెండు రౌండ్లు రోల్ చేస్తాను. పోటీ దగ్గరపడితే మాత్రం రోలింగ్ పెంచాల్సిందే. గార్డ్ పాస్‌కి (ప్రత్యర్థి కాళ్ల అడ్డు దాటితే) 3, మౌంట్‌కి (అతని మీద ఎక్కి కూర్చుంటే) 4 పాయింట్లని లెక్క చూసుకుంటూ, అలసటలోనూ టైము గమనించడం అందులోనే అలవాటవుతుంది.