కొల్లేటి గట్టు మీది గిజిగాళ్ళు, కైకలూరు లాడ్జిలోని గూళ్ళు

కైకలూరులో మేం దిగిన లాడ్జి వాళ్ళు గిజిగాడి గూళ్ళు కోసుకొచ్చి, లోపల బల్బులు పెట్టి రిసెప్షన్లో వేలాడదీశారు. ఏసీ గదికి 1,800 తీసుకున్నారు. అర్ధరాత్రికే ఏసీ ఆగిపోయింది. వేడినీళ్ళ బకెట్‌కి మళ్ళీ 40. అదంతా సర్దుకుపోయేవాళ్ళమే. కానీ ఒక గూటి గొట్టం ఇంకా పచ్చిగానే ఉంది. అంటే పిట్ట అల్లుతుండగానే కోసేశారు! మేనేజర్ని అడిగితే, "కావాలంటే మీకూ తెప్పిస్తాను సార్, జత 300" అన్నాడు. మా ఆవిడ ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

పొద్దున్నే 700కి ఆటో మాట్లాడుకుని కొల్లేటి ఒడ్డున ఉన్న ఆటపాక పక్షుల కేంద్రానికి బయల్దేరాం. పెలికన్ల కోసమైతే ఆగస్టులో వెళ్ళకండి, అక్టోబరు దాటాలి. గిజిగాళ్ళకు మాత్రం వానాకాలమే అదును. దారిలో ఒక చేపల చెరువు గట్టున, నీళ్ళ మీదికి వంగిన తుమ్మచెట్టు నిండా గూళ్ళే. దాదాపు అన్నీ తూర్పు వైపునే, నైరుతి గాలివాన తగలకుండా.

మగదాని నెత్తి, రొమ్ము పసుపు, ముఖం ముదురు గోధుమ. సీజన్ అయిపోతే ఆడదానిలాగే పిచ్చుక రంగుకి వచ్చేస్తుంది. మా కళ్ళ ముందే ఒకటి వరి ఆకు అంచున ముక్కుతో గాటు పెట్టి, పట్టుకుని ఎగిరింది. ఆకు సర్రున పీచులా చీలి వచ్చింది. ఒక్క గూటికి ఇలా 500 సార్ల దాకా తిరుగుతుందట. మొత్తం 18 రోజుల పని. గూడు సగమై హెల్మెట్ ఆకారంలో ఉన్నప్పుడే ఆడవి వచ్చి చూస్తాయి. మగవి రెక్కలు కొట్టుకుంటూ ఒకటే గోల. నచ్చితేనే గొట్టం పూర్తవుతుంది. ఆడది గుడ్లు పెట్టగానే మగది ఇంకో గూడు మొదలుపెడుతుంది. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ మహారాష్ట్రలోని కిహిమ్‌లో ఈ సంగతే గమనించి రాశారు. ఫోన్ వదలని మావాడు, ఆడది లోపలికి దూరి పోగులు లాగి చూస్తుంటే ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

మధ్యాహ్నం 150కి చేపల పులుసు భోజనం, బాగుంది.

బస ఏలూరులో పెట్టుకోండి. బైనాక్యులర్స్ తప్పకుండా తీసుకెళ్ళండి, చెట్టు కిందికి పోకండి. ఇంట్లో గూడు ఉండాలని అంత ముచ్చటగా ఉంటే చలికాలంలో వెళ్ళండి, ఖాళీ గూళ్ళు గాలికి రాలి గట్ల మీదే దొరుకుతాయి. ఆ 300 మాత్రం ఎవరికీ ఇవ్వకండి.