సెక్యూరిటీ చెక్: స్కానర్‌కు నాలుగు మార్కులు, సర్దే బల్లకు ఒకటి

విమానాశ్రయంలో సెక్యూరిటీ చెక్‌ను ఒకే ముద్దగా చూసి బాగుందనో బాగాలేదనో తేల్చేస్తే న్యాయం కాదు. అందులో నాలుగు అంచెలున్నాయి: సామాను ట్రేలలో సర్దే బల్ల, బ్యాగులు చూసే స్కానర్, మనిషిని చూసే స్కానర్, అనుమానం వచ్చిన బ్యాగును విప్పి చూసే చోటు. ఐదుకి మార్కులు వేస్తే రెండు స్కానర్లకూ నాలుగేసి, విప్పి చూసే చోటుకు రెండున్నర, సర్దే బల్లకు ఒక్కటి. జనం తిట్టుకునేది యంత్రాలను గానీ, క్యూ నిలిచిపోయేది ఎక్కువగా ఆ బల్ల దగ్గరే.

కారణం చిన్నదే. ముందు ఏ రకం యంత్రం ఉందో బల్ల దగ్గరికి వచ్చేదాకా ఎవరూ చెప్పరు. పాత ఎక్స్‌రే యంత్రం బ్యాగును ఒకటి రెండు వైపుల నుంచి చదునైన బొమ్మగా చూపిస్తుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ, సర్క్యూట్ బోర్డులు దట్టంగా ఉంటాయి కాబట్టి వాటి కింద ఏముందో ఆ బొమ్మలో కనబడదు. అందుకే దాన్ని తీసి వేరే ట్రేలో పెట్టమంటారు. కొత్తగా వస్తున్న సీటీ స్కానర్ ఆసుపత్రిలో ఉన్నదాని లాంటిదే. బ్యాగు చుట్టూ తిరిగి పొరలు పొరలుగా చిత్రాలు తీస్తుంది, ఆపరేటర్ తెర మీద ఆ బ్యాగును ఎటు కావాలంటే అటు తిప్పి చూసుకోవచ్చు. దానికి ల్యాప్‌టాప్ తీయాల్సిన పని సాధారణంగా ఉండదు. ఒకే హాల్లో పక్కపక్క వరుసల్లో ఈ రెండు రకాలూ ఉండొచ్చు. ఒక వరుసలో "తీయండి", పక్క వరుసలో "తీయొద్దు" అని వినబడేది అందుకే. దాన్ని సిబ్బంది మొండితనం అనుకుని వాదనకు దిగేవాళ్లు చాలామంది. క్యూ మొదట్లో ఒక బోర్డు పెడితే తీరిపోయే తగాదా ఇది. మార్కులు పోయింది ఆ బోర్డు లేకనే.

బోర్డు లేనిచోట యంత్రాన్ని చూసి పోల్చుకోవచ్చు. పాతది రెండు కొసలా రబ్బరు పీలికల తెర వేలాడే పెట్టె. సీటీ స్కానర్ అంతకంటే చాలా పెద్దది, ఒళ్లు లావు, లోపల తిరిగే చక్రం వల్ల మోత కూడా ఎక్కువ. ఏది ఎదురైనా ఇబ్బంది లేకుండా ఉండాలంటే ల్యాప్‌టాప్‌ను బ్యాగు మధ్యలో కుక్కకుండా జిప్పు తీయగానే చేతికి తగిలే అరలో పెట్టుకోవాలి. వాచీ, నాణేలు, తాళాలు, బెల్టు, పర్సు క్యూలో ఉండగానే బ్యాగులోకి వెళ్లిపోవాలి. బల్ల దగ్గర జేబులు తడుముకునే ఒక్క మనిషి వెనక పదిమందిని ఆపుతాడు. కొత్త వరుసల్లో నలుగురైదుగురు ఒకేసారి ఎవరి చోట వాళ్లు సర్దుకునే ఏర్పాటు ఉంటుంది. అక్కడ ముందున్నవాళ్ల వెనకే నిలబడనక్కర్లేదు, ఖాళీ చోటు చూసి వెళ్లిపోవచ్చు.

ద్రవాల నిబంధన మరో పెద్ద తలనొప్పి. 2006 ఆగస్టులో సీసాల్లో ద్రవ పేలుడు పదార్థాలతో అట్లాంటిక్ దాటే విమానాలను పేల్చే కుట్రను బ్రిటన్‌లో పట్టుకున్నారు. ఆ ఏడాదే 100 మిల్లీలీటర్ల పరిమితి పుట్టింది. లెక్కలోకి వచ్చేది సీసా పరిమాణమే, లోపల మిగిలిన సరుకు కాదు. 150 మిల్లీలీటర్ల ట్యూబులో అడుగున చెంచాడు పేస్టు ఉన్నా అది చెత్తబుట్టకే. అన్ని సీసాలూ కలిపి సుమారు లీటరు పట్టే పారదర్శకమైన సంచిలో, మూత పడేలా ఉండాలి. పేస్టు, క్రీము, జెల్లు, స్ప్రే, జామ్ అన్నీ ఈ లెక్కలో ద్రవాలే. చంటిపిల్లల పాలకు, ప్రయాణంలో కావలసిన మందులకు మినహాయింపు ఉంది, కానీ బల్ల దగ్గరే తీసి చూపించి చెప్పాలి. యంత్రం పట్టుకున్నాక చెబితే అదనపు పరీక్ష తప్పదు. ఖాళీ నీళ్ల సీసాకు మాత్రం అభ్యంతరం ఉండదు, లోపలికి వెళ్లాక నింపుకోవచ్చు.

సీటీ స్కానర్లు వచ్చాక ఈ పరిమితి పోతుందని అందరూ ఆశపడ్డారు. కొన్నిచోట్ల పోయింది కూడా. ఆ తర్వాత 2024 సెప్టెంబర్ 1 నుంచి యూరోపియన్ యూనియన్‌లో ఈ స్కానర్లున్న విమానాశ్రయాల్లోనూ మళ్లీ 100 మిల్లీలీటర్లే అన్నారు. ఆ యూనియన్‌లో లేని బ్రిటన్‌లో మాత్రం 2025 జూలైలో ఎడిన్‌బరో విమానాశ్రయం 2 లీటర్ల వరకు అనుమతించింది. ఇన్ని మలుపుల్లో నష్టపోయేది విమానం మారే ప్రయాణికుడే. బయలుదేరిన చోట పెద్ద సీసా దాటిపోతుంది, మధ్యలో మళ్లీ తనిఖీ ఉన్న చోట అదే సీసా పోతుంది. కాబట్టి దారిలో ఉన్న విమానాశ్రయాలన్నింటిలోకీ కఠినమైన నిబంధన ఏదో దాన్నే పట్టుకోవాలి. డ్యూటీ ఫ్రీలో కొన్న సీసాను రసీదుతో సహా సీలు వేసిన సంచిలో ఇస్తారు. ఆఖరి గమ్యం చేరేదాకా ఆ సీలు తెంచకూడదు, రసీదు బయటికి కనబడాలి. మొదటి విమానంలోనే సంచి చించి చూసుకున్నవాళ్లకు తర్వాతి తనిఖీలో సీసా దక్కదు.

ఇక బ్యాగు ఎందుకు పక్కకు పోతుందో తెలిస్తే సగం బాధ తీరుతుంది. ఎక్స్‌రే తెర మీద సేంద్రియ పదార్థాలు నారింజ రంగులో, లోహాలు నీలంలో, మధ్యరకంవి ఆకుపచ్చలో కనబడతాయి. కిరణాలు దూరలేనివి నల్లగా ఉంటాయి. పేలుడు పదార్థాలు కూడా నారింజ రంగువే. చాక్లెట్ దిమ్మ, సబ్బు, కొవ్వొత్తి, దొంతరగా పేర్చిన పుస్తకాలు అదే రంగులో, దగ్గర దగ్గర సాంద్రతతో కనబడతాయి. వాటి పక్కనే పవర్ బ్యాంకు, చుట్టలు చుట్టిన వైర్లు, చార్జరు ఉంటే ఆ బొమ్మ ఎలా కనబడుతుందో వేరే చెప్పాలా? వైర్లన్నీ ఒక పల్చటి సంచిలో పైన పెట్టి, పుస్తకాలను వేరే వైపు పరిస్తే చాలావరకు గండం గడుస్తుంది. కత్తెర సంగతి మరీ చిత్రం. యూరప్‌లో అలుగు 6 సెంటీమీటర్లు దాటకూడదు, అమెరికాలో రెండు అలుగులను కలిపే మేకు దగ్గర్నుంచి 4 అంగుళాల లోపు అంటారు. ఒకచోట వదిలిన కత్తెర మరోచోట పోతుంది.

మనిషిని చూసే యంత్రానికి నాలుగు మార్కులు వేయడం కొందరికి నచ్చకపోవచ్చు. గాజు గది లాంటి స్కానర్‌లో పాదముద్రల మీద నిలబడి చేతులెత్తితే పని కొన్ని సెకన్లే. వాడేది ఎక్స్‌రే కాదు, మిల్లీమీటర్ తరంగాలు. తెర మీద కనబడేది మన శరీరం కాదు, అందరికీ ఒకేలా ఉండే గీతల బొమ్మ, అనుమానం ఉన్నచోట ఒక గడి. జేబులో లోహమేదీ లేదు కదా అని కాగితాలు, రుమాలు ఉంచుకోవడమే ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు. ఈ తరంగాలు లోహాన్నే కాదు, ఒంటికి అదనంగా ఉన్న దేన్నయినా పట్టుకుంటాయి. చెమట పట్టిన వీపు, బట్టల మడతలు, గట్టిగా ముడివేసిన జుట్టు కూడా గడి వెలిగించవచ్చు. గుమ్మం లాంటి మెటల్ డిటెక్టర్ వేరు, అది లోహానికే మోగుతుంది. ఏమీ లేకుండానే కొందరిని ఎంచి మోగేలా కూడా దాన్ని అమరుస్తారు, అప్పుడు కంగారు పడనక్కర్లేదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ముందే చెప్పి, చేతి డిటెక్టర్‌ను గుండె మీద ఆపి ఉంచవద్దనాలి. ఇన్సులిన్ పంపు ఉంటే దాని తయారీదారు సూచన ఏమిటో ముందే చూసుకోవాలి, కొన్నింటిని ఎక్స్‌రేలో పెట్టకూడదు.

బూట్ల గొడవకు మూలం 2001 డిసెంబర్‌లో రిచర్డ్ రీడ్ బూటులో బాంబు దాచి విమానమెక్కడం. అమెరికాలో అందరూ బూట్లు విప్పాలన్న నిబంధనను 2025 జూలైలో ఎత్తేశారు. లోహపు పలక ఉన్న బూట్లు వేసుకుంటే మాత్రం ఎక్కడైనా విప్పమనవచ్చు.

చేతులకు, బ్యాగుకు చిన్న గుడ్డముక్క రుద్ది యంత్రంలో పెట్టే పరీక్ష పేలుడు పదార్థాల ఆనవాళ్ల కోసం. గ్లిజరిన్ ఉన్న హ్యాండ్ క్రీము, ఎరువు అంటిన చేతులు, గుండెకు వాడే నైట్రోగ్లిజరిన్ మాత్రలు దీన్ని మోగించగలవు. తనిఖీకి ముందు చేతులు కడుక్కోవడం తేలిక ఉపాయం.

పవర్ బ్యాంకు చేతి సామానులోనే ఉండాలి, పరిమితి 100 వాట్ అవర్లు (బ్యాటరీలో ఎంత విద్యుత్తు పడుతుందో చెప్పే కొలత). 100 నుంచి 160 దాకా విమాన సంస్థ అనుమతి కావాలి, ఆపైన కుదరదు. లెక్క సులువు: పవర్ బ్యాంకు మీద రాసిన మిల్లీ యాంపియర్ అవర్లను లోపలి బ్యాటరీ వోల్టేజీ అయిన 3.7తో గుణించి వెయ్యితో భాగించాలి. 20,000 ఉంటే 74 వాట్ అవర్లు. యూఎస్‌బీ వోల్టేజీ 5 కదా అని దానితో గుణించకూడదు. అంకెలు అరిగిపోయిన పవర్ బ్యాంకును ఎంత చిన్నదైనా ఆపేయవచ్చు. ఇంకా కడగని ఫిల్ము రీళ్లుంటే సీటీ స్కానర్‌లో పెట్టనివ్వకండి, మచ్చ పడుతుంది. చేత్తో చూడమని అడగాలి.

విప్పి చూసే చోట అసలు లోటు మనుషుల కొరత. ఏడెనిమిది బ్యాగులు వరుసలో ఉంటే చూసేది ఒక్కరే. తెర ముందు కూర్చున్నవాళ్లు నిదానమని విసుక్కునే ముందు ఒక సంగతి: వాళ్లను పరీక్షించడానికి యంత్రమే అప్పుడప్పుడు నకిలీ ఆయుధాల బొమ్మలను బ్యాగుల చిత్రాల్లో కలుపుతుంది. యూరప్ నిబంధనల ప్రకారం మామూలుగా ఏకధాటిగా 20 నిమిషాలకు మించి చిత్రాలు చూడకూడదు, మధ్యలో మనిషి మారుతుంటారు. బ్యాగు విప్పేటప్పుడు మీ చెయ్యి పెట్టకుండా వస్తువు ఏ అరలో ఉందో నోటితో చెబితే పని తొందరగా అవుతుంది. వస్తువు ఒప్పుకోకపోతే చెకిన్ కౌంటర్‌కు వెనక్కి వెళ్లి లగేజీలో వేయవచ్చేమో అడగాలి. టైము ఉంటేనే అది కుదిరేది.

ట్రేల శుభ్రత గురించి ఒక్క ముక్క. హెల్సింకీ విమానాశ్రయంలో శ్వాసకోశ వైరస్‌ల కోసం పరీక్షించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, ట్రేల నుంచి తీసిన 8 నమూనాల్లో 4 చోట్ల వైరస్ జాడ దొరికింది. ఫోనును ట్రేలో బోర్లించే బదులు బ్యాగులో వేసేయడం మేలు. పైగా ముదురు రంగు ట్రే అడుగున ముదురు రంగు ఫోను కంటికి ఆనదు. రెండు ట్రేలు పెట్టినవాళ్లు రెండూ వచ్చాకే బల్ల దగ్గర్నుంచి కదలాలి.