కుక్క మలం తినడం మాన్పించడానికి ఏది మేలు: కోప్పడటమా, పొడులా, వెంటనే ఎత్తివేయడమా?

పెంపుడు కుక్క మలం తింటున్నదని తెలియగానే చాలా ఇళ్లలో దాన్ని కోప్పడి కొడతారు, లేదా తిండిలో కలిపే పొడి కొనితెస్తారు. ఈ రెండింటికన్నా మలాన్ని పడిన వెంటనే ఎత్తివేయడమే మేలని నా నిశ్చితాభిప్రాయం.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో పశువైద్య ఆచార్యుడు బెంజమిన్ హార్ట్ బృందం వేలాది యజమానులను ప్రశ్నించి 2018లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, సుమారు 16 శాతం కుక్కలకు ఈ అలవాటు గట్టిగానే ఉంది. అవి తినేది చాలావరకు రెండు రోజులు దాటని తాజా మలమే. పేగుల్లోని పరాన్నజీవుల గుడ్లు బయటపడిన కొన్ని రోజులకు గానీ సోకే దశకు చేరవు కనుక, నివాసాన్ని శుభ్రంగా ఉంచుకోవడానికి తోడేళ్ల నుంచి వచ్చిన స్వభావం ఇది కావచ్చునని ఆ బృందం భావించింది. తిండిలో లోపం వల్లనే కుక్కలు ఇలా చేస్తాయన్న ప్రచారానికి ఆ సర్వేలో మద్దతు దొరకలేదు.

స్వభావంగా వచ్చినదాన్ని దండనతో మాన్పించడం కష్టం. దెబ్బలు తిన్న కుక్క మనం చేరేలోపే గబగబా మింగడం నేర్చుకుంటుంది. ఇది చూస్తే నాకు బాధ కలుగుతుంది. మలం రుచి చెడగొడతాయని అమ్మే పొడుల సంగతీ అంతంతమాత్రమే: అదే పరిశోధనలో అడిగిన 11 ఉత్పత్తులలో ఏదీ రెండు శాతానికి మించి ఫలితమివ్వలేదు. పైగా మన కుక్కకు పెట్టిన పొడి వీధిలోని ఇతర కుక్కల మలాన్ని ఏమీ చేయలేదు.

ఎత్తివేయడానికి పెద్దగా ఖర్చు లేదు, కావలసిందల్లా ఓపిక. తిన్న తరువాత, నిద్ర లేచిన తరువాత కుక్కపిల్లలు సాధారణంగా విసర్జిస్తాయి కాబట్టి ఆ సమయాల్లో వాటిని తాడుతోనే బయటకు తీసుకెళ్లాలి. పని ముగించి వాసన చూడటానికి అది వెనక్కి తిరిగే ఆ క్షణంలోనే ఉడికించిన కోడిమాంసం ముక్కను ముక్కు దగ్గర ఉంచి, రెండడుగులు పక్కకు పిలిచి, అది తింటుండగా చేతికి కవరు తొడుక్కుని మలాన్ని తీసేయాలి. నడకలోనూ తాడు పొట్టిగా పట్టుకుని, నేల మీదికి వంగబోతే పేరుతో పిలిచి, మన వైపు తిరిగితే ముక్క ఇవ్వాలి. చాలా కుక్కపిల్లలు ఎదిగేకొద్దీ ఈ అలవాటును తామే మానేస్తాయి.

అయితే ఎన్నడూ లేని అలవాటు పెద్ద కుక్కకు హఠాత్తుగా వస్తే, ముఖ్యంగా బాగా తింటూనే బక్కచిక్కుతూ జిడ్డుగా, పలచగా విసర్జిస్తుంటే, వీటన్నిటికన్నా ముందు పశువైద్యుని దగ్గరకు తాజా మలం నమూనాతో వెళ్లాలి. క్లోమగ్రంథి జీర్ణరసాలు సరిపోకపోవడం, నులిపురుగులు, ఆకలిని పెంచే స్టెరాయిడ్ మందులు కూడా ఈ అలవాటుకు కారణం కావచ్చు. పార్వో వైరస్, జియార్డియా అనే పేగు పరాన్నజీవి ఇతర కుక్కల మలం ద్వారా సోకవచ్చు కనుక, పార్వో టీకా, నులిపురుగుల మందు సకాలంలో పడ్డాయో లేదో కూడా అప్పుడే అడగడం మంచిది.