మోదెనా చుట్టూ అయిదు రోజులు: డుకాటీ, లంబోర్గిని, ఫెరారీ

మా నాన్నగారు ముప్ఫై ఏళ్లకు పైగా ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా పనిచేశారు. పదిహేనేళ్ల మా అబ్బాయి గదిలో గోడ నిండా డుకాటీ బైకుల బొమ్మలే ఉంటాయి. ఈ తాతా మనవళ్ల కోసం గత ఏడాది జూన్‌లో నేనూ, నా భార్యా కలిసి హైదరాబాద్ నుంచి ఇటలీలోని ఎమీలియా రొమాన్యా ప్రాంతానికి యాత్ర వేశాము. బొలోన్యా, మోదెనా నగరాల మధ్య దూరం దాదాపు 40 కిలోమీటర్లే అయినా, డుకాటీ, లంబోర్గిని, ఫెరారీ, మసెరాటి, పగానీ సంస్థలన్నీ ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. అందుకే అక్కడివారు దానిని మోటార్ వ్యాలీ అంటారు.

ముందుగా బొలోన్యా శివారులోని బోర్గో పనిగాలేకు, అంటే డుకాటీకి వెళ్లాము. యాత్ర మొత్తంలో మాకు అన్నిటికంటే ఎక్కువ తృప్తినిచ్చింది ఇదే. ఫ్యాక్టరీలోకి వెళ్లేముందు ఫోన్లు లోపల పెట్టేయమన్నారు, ఫొటోలు తీయనివ్వరు. దాని వల్ల మేలే జరిగింది, అందరమూ కళ్లతోనే చూశాము. ఇంజన్లు కూర్చే చోట నాన్నగారు కదలకుండా నిలబడిపోయారు. మామూలు ఇంజన్‌లో గాలి, పొగ వచ్చిపోయే దారికి మూతలా పనిచేసే వాల్వును తెరిచేది క్యామ్ అనే తిరిగే ఉబ్బెత్తు భాగం అయితే, మూసేది స్ప్రింగు. వేగం బాగా పెరిగినప్పుడు స్ప్రింగు ఆ వేగాన్ని అందుకోలేక వాల్వు సరిగా మూసుకోదు. డుకాటీ ఇంజనీరు ఫాబియో టాల్యోని 1950లలో ఆ స్ప్రింగును నమ్ముకోకుండా, వాల్వును మూయడానికి కూడా క్యామ్‌నే వాడే డెస్మో పద్ధతిని రేసు ఇంజన్లలోకి తెచ్చాడు. ఇదంతా మా అబ్బాయికి వివరించింది గైడు కాదు, నాన్నగారే. గైడు ఇంగ్లీషులో చెబుతున్నది సగం వినకుండానే, ఎదురుగా ఉన్న భాగాలను చూసి ఆయన విషయం పట్టేశారు.

పక్కనే ఉన్న మ్యూజియం కూడా బాగుంది. 1926లో రేడియో విడిభాగాలు చేయడానికి మొదలైన ఈ సంస్థ, యుద్ధంలో బాంబుదాడికి గురై, ఆ తరువాత సైకిలుకు బిగించుకునే చిన్న ఇంజన్‌తో మళ్లీ నిలదొక్కుకుంది. ఆ ఇంజన్ పేరు కుచ్చోలో, అంటే కుక్కపిల్ల. దాని నుంచి 2007లో కేసీ స్టోనర్ ప్రపంచ విజేతగా నిలిచిన మోటోజీపీ బైకు రేసుల బండి దాకా వరసగా చూస్తూ నడవవచ్చు. మా అబ్బాయి అక్కడే రెండు గంటలు గడిపాడు.

సాంతాగాతా బొలోన్యేజేలోని లంబోర్గిని ఫ్యాక్టరీ సందర్శనకు డుకాటీ కంటే చాలా ఎక్కువ ఖర్చవుతుంది. నలుగురికీ లెక్కవేసుకుని, నాన్నగారిని, అబ్బాయిని మాత్రమే కార్లు కూర్చే చోటికి పంపి, మేమిద్దరం మ్యూజియంతో సరిపెట్టుకున్నాము. సీట్లకు తోలు కోసి కుట్టే విభాగం గురించి వాళ్లిద్దరూ ఆ సాయంత్రమంతా మాట్లాడుతూనే ఉన్నారు. రైతు కుటుంబంలో పుట్టిన ఫెరుచ్చో లంబోర్గిని ముందు ట్రాక్టర్లు చేసి, 1963లో కార్లకు దిగాడన్న సంగతి నాన్నగారికి ఎంతో నచ్చింది. సీట్ల వెనక అడ్డంగా అమర్చిన 12 సిలిండర్ల ఇంజన్‌తో 1966లో వచ్చిన మియూరా కారును దగ్గరగా చూడటానికైనా ఈ మ్యూజియంకు వెళ్లాలి.

ఫెరారీ ఉన్న ఊరు మరనెల్లో విషయంలో మాత్రం ముందే ఒక మాట చెప్పాలి. ఫెరారీ ఫ్యాక్టరీ లోపలికి మామూలు సందర్శకులను రానివ్వరు. బస్సులో కూర్చోబెట్టి ఫ్యాక్టరీ వీధులను, కార్లను పరీక్షించే ఫియొరానో ట్రాకును చూపిస్తారు, దిగనివ్వరు. ఎర్ర కార్లతో నిండిన మ్యూజియం కన్నులపండువగానే ఉంది కానీ, పని జరిగే చోటు చూడాలని వచ్చిన మాకు ఆకలి తీరలేదు. దానికంటే మోదెనాలోని ఎంజో ఫెరారీ మ్యూజియం మాకు దగ్గరగా అనిపించింది. ఫెరారీ సంస్థను స్థాపించిన ఎంజో 1898లో పుట్టాడు. ఆయన తండ్రి నడిపిన లోహపు పనుల షెడ్డును అక్కడ నిలబెట్టి ఉంచారు. దాని పక్కన, కారు బోనెట్‌ను తలపించే పసుపు పచ్చని పైకప్పుతో 2012లో కొత్త భవనం తెరిచారు. మరనెల్లో వీధుల్లో ఫెరారీ కారును కొద్ది నిమిషాలు నడపనిస్తామని పిలిచే అద్దె దుకాణాలకు మేము డబ్బు పెట్టలేదు.

బసకు మొదటి మూడు రాత్రులు మోదెనా బయట పొలాల మధ్య ఉన్న ఒక ఇంటిని తీసుకున్నాము. వంటగది ఉండటంతో ఉదయమే అన్నం, చారు వండుకునేవాళ్లం. శాకాహారులైన పెద్దవాళ్లతో వెళ్లేవారికి ఇదే సుఖం. ఎందుకంటే ఇక్కడి పేరున్న తోర్తెల్లిని అనే పాస్తాలో కూరేది పంది మాంసం. రికోట్టా జున్ను, పాలకూర కూరిన, దానికంటే పెద్దదైన తోర్తెల్లోని అడిగి తెప్పించుకోవచ్చు. పార్మెజాన్ జున్నును దూడ పొట్టలోని రెన్నెట్‌తో తోడు పెడతారు కాబట్టి, పట్టింపు ఉన్నవారు అది చల్లవద్దని ముందే చెప్పాలి.

తరువాతి రెండు రాత్రులు బొలోన్యా నడిబొడ్డున హోటల్లో దిగాము. అక్కడ లిఫ్టు పనిచేయక, మోకాళ్ల నొప్పులున్న నాన్నగారు మూడు అంతస్తులు ఎక్కవలసి వచ్చింది. అంతకంటే పెద్ద నష్టం మరొకటి జరిగింది. ఈ ఊళ్ల పాత వీధుల్లోకి అనుమతి లేని కార్లు రాకూడదు, కెమెరాలు నంబరు పట్టేస్తాయి. మా కారు నంబరు నమోదు చేయిస్తామన్న హోటలువారు ఆ పని చేయలేదు. నాలుగు నెలల తరువాత జరిమానా, దానితో పాటు అద్దె కారు సంస్థ రుసుము మా మీద పడ్డాయి. కాబట్టి నమోదు చేసినట్టు రాతపూర్వకంగా తీసుకోండి, లేదా కారు ఊరి బయటే ఆపి బస్సెక్కండి. మన దేశం నుంచి తీసుకెళ్లే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌ను మాత్రం మరవకూడదు.

చివరి రోజు శనివారం. ఎక్కడికి వెళదామని అడిగితే తాతా మనవళ్లిద్దరూ మళ్లీ బోర్గో పనిగాలే అన్నారు. ఆ రోజు ఫ్యాక్టరీ చూసే వీలు లేకపోవడంతో మ్యూజియం మాత్రమే చూసి వచ్చారు. మీరు వెళితే డుకాటీకి పనిదినాన్నే ఎంచుకుని, టికెట్లు నెల ముందే తీసుకోండి. ఆగస్టులో ఇటలీ ఫ్యాక్టరీలు సెలవులకు మూతపడతాయి కనుక ఆ నెలను వదిలేయండి.