నెల్లూరులో ఫ్రేము కట్టించిన ఫార్వర్డ్ లైన్

ట్రంక్ రోడ్డు పక్క సందులో ఒక ఫోటో ఫ్రేముల షాపు ఉంది. గోడ నిండా వెంకటేశ్వరస్వామి పటాలే. నేను తీసుకెళ్లినవి మాత్రం ముగ్గురు ఐస్ హాకీ కుర్రాళ్ల ఫోటోలు. మా తమ్ముడు కెనడాలోని లండన్‌లో చదివాడు, ఈ పిచ్చి నాకు వాడు అంటించిందే.

"ఎవురన్నా వీళ్లు?" అన్నాడు షాపతను. చెప్పాను: ఆ ఊరి జూనియర్ జట్టు లండన్ నైట్స్‌లో 2015-16లో కలిసి దాడికి దిగిన ముగ్గురు, అంటే ఫార్వర్డ్ లైన్. కుర్రాళ్ల హాకీలో ఇంతకన్నా గొప్ప లైన్ లేదని నా వాదన. డ్వొరాక్ 121 పాయింట్లు (గోల్ కొట్టినా, గోల్‌కి పాస్ ఇచ్చినా ఒక్కో పాయింటు), మార్నర్ 116, కచుక్ 107. కెనడా జూనియర్ జట్ల పెద్ద టోర్నీ మెమోరియల్ కప్ ఫైనల్లో, ఓవర్‌టైమ్‌లో (అదనపు సమయంలో) గెలిపించిన గోల్ కచుక్‌దే. రిమౌస్కీ అనే మరో జూనియర్ జట్టులో సిడ్నీ క్రాస్‌బీ 2004-05లో ఒక్కడే 168 పాయింట్లు కొట్టాడు, కాదనను. కానీ రిమౌస్కీ వాళ్లు అదే కప్ ఫైనల్లో 4-0తో ఓడిపోయారు. గెలిపించిన లైనే నాకు గొప్ప.

మొదట డ్వొరాక్‌ని చివర పెట్టి బిగించేశాడు. వాడు సెంటర్, మధ్యలోనే ఉండాలి, ఎడమ కచుక్, కుడి మార్నర్ అన్నాను. విసుక్కోలేదు. వెనక అట్ట విప్పి, చిన్న మేకులు ఒక్కొక్కటే పట్టకారుతో లాగి, అద్దం మీద వేలిముద్రలు మెత్తటి గుడ్డతో తుడిచి మళ్లీ బిగించాడు. దానికి అదనంగా రూపాయి కూడా తీసుకోలేదు.

మొత్తం 650 రూపాయలు. చెప్పిన రోజుకి ఇవ్వలేదు, రెండు రోజులు తిప్పాడు, అదొక్కటే లోటు. మూలల్లో బీడింగ్ అతుకు గోరు పెట్టి చూసినా తగలడం లేదు. సంక్రాంతికి తమ్ముడు వస్తున్నాడు, హాల్లో టీవీ పైన తగిలించి పెట్టాను.